తుపాకిమందు పత్తిలో కుంకుమ

నలభై మంది ఆడవాళ్ళు ఏరిన పత్తిలో కుంకుమ కలవడానికి కారణం నేనేనని ఒక సర్కారు కాగితం చెబుతుంది. ఆ కాగితం దక్షిణాన కొండల్లో ఉన్న తుపాకిమందు కర్మాగారంలో ఏదో బీరువాలో ఉండాలి. చెదలు తినేసి ఉంటే సంతోషమే. కాని సర్కారు కాగితాల దగ్గర చెదలు కూడా వరుసలో నిలబడాలేమో, నా వంతు ఇంకా వచ్చి ఉండదు.

ఈ సంగతి ఎత్తితే మా వాళ్ళు విసుక్కుంటారు. "ఇంకా అదేనా" అంటారు. అదే. నాకు జరిగిన అవమానం ఇదొక్కటే అని కాదు. ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో వరుసగా చెప్పగలను. కాని వాటన్నిటికీ అడుగున ఇది ఉంది. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి రాసి పెడితే ఇక నోటితో చెప్పే పని తప్పుతుందేమోనని రాస్తున్నాను. చెప్పి చెప్పి అలసిపోయాను.

మాది ఎమ్మిగనూరు. మా అమ్మ మగ్గాల వాళ్ళకు నూలు కండెలు చుట్టేది. మేము కిరస్తానం వాళ్ళం, అందుకే నన్ను మిషన్ బడిలో వేసింది. ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత ఆదోనిలో ఒక పత్తి మిల్లులో కూలికి కుదిరాను. అక్కడి ఆడవాళ్ళలో చదవను రాయను వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కొన్నాళ్ళకు ఏరుడు కొట్టానికి నన్ను పెద్దను చేశారు. పెద్దను చేశారంటే కుర్చీ వేశారని కాదు. ఒక చెక్కపెట్టె మీద కూర్చునేదాన్ని. సావుకారు నన్ను ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఆయన ఉత్తరాలు రాసే గుమాస్తాను అందరూ రైటరు అనేవాళ్ళు. ఆ రైటరు నన్ను "ఏమ్మే, బడిపంతులమ్మా" అనేవాడు. నాకు టీ ఇచ్చే గ్లాసు ఆఫీసు వెనక కిటికీలో వేరుగా బోర్లించి ఉండేది. దాని అంచు ఒక చోట పగిలింది. ఎటు తిప్పి తాగితే పెదవి తెగదో నా చేతికి అలవాటైపోయింది.

ఏరుడు కొట్టం అంటే రేకుల కప్పు వేసిన పొడవాటి పాక. గింజ తీసే జిన్ను యంత్రాల్లో గింజ విడిపోయాక మంచి దూది బేళ్ళు కట్టించుకుని బొంబాయి వైపు పోతుంది. జిన్నుల కింద, గోడల వెంట పొట్టి దూది రాలి మిగులుతుంది. అది నూలుకు పనికిరాదు. ఆ పొట్టి దూదిని ఉడికించి, ఏవో ఆమ్లాల్లో నానబెట్టి తుపాకిమందు చేస్తారని మొదటిసారి విన్నప్పుడు మా కొట్టంలో ఎవరూ నమ్మలేదు. మా అందరిలో పెద్దది, ఆస్పరి వైపు నుంచి కరువులో వచ్చి ఆదోనిలోనే నిలిచిపోయిన ముసలామె ఒకతె ఉండేది. అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె గుప్పెడు దూది ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఒత్తికి పనికొచ్చే దూది తుపాకీకి ఎట్ల పనికొస్తాది పాపా? దీపం ముట్టించేది పేలుతాదా? నన్ను ముసల్దాన్ని సేసి ఆడిస్తాండావు."

ఆమె కళ్ళకు పొర వచ్చింది. అయినా ఆమె వేళ్ళు తప్పు చేసేవి కావు. ఎండుటాకు ముక్క, గింజ పెచ్చు, గోనె పోగు, వెంట్రుక, ఏదైనా సరే వేళ్ళకు తగిలేది. కళ్ళున్నవాళ్ళు రెండు గంపలు ఏరేలోపు ఆమె మూడు ఏరేది. ఆమె పక్కన నా పెట్టె. ఆరేళ్ళు అట్లా పక్కపక్కన కూర్చున్నాం. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టెలో సగం నాకు, నా చెట్నీలో సగం ఆమెకు. మిల్లులో నన్ను వేరు గ్లాసు లేకుండా చూసిన మనిషి ఆమె ఒక్కతే అని ఒప్పుకోవాలి.

మా ఊళ్ళు బళ్ళారి జిల్లా విడిచి కర్నూలు జిల్లాలో కలిసిన రెండేళ్ళకు కర్మాగారం నుంచి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. తెలుగులో కొంచెం అరవ యాస. దొరల కాలం పద్ధతులు ఇక చెల్లవన్నాడు. మన దేశం సొంతంగా మందు చేసుకోవాలంటే కొండల్లో కొత్త యంత్రాలు బిగిస్తే చాలదు, ఇక్కడి నుంచి పోయే దూది ప్రతి బేలులోనూ ఒకే తీరుగా ఉండాలన్నాడు. రంగు, నూనె, ఇనుము, ఏదీ సోకకూడదు. ఇంతవరకు చేతులతో దులిపిన దూదిని విప్పడానికీ దుమ్ము ఊదడానికీ మిల్లుకు ఒక యంత్రం వస్తుంది. ఏరేవాళ్ళు తలకు గుడ్డ కట్టుకోవాలి, పనిరోజుల్లో తలకు నూనె రాయకూడదు.

ఆ చివరి మాటకు కొట్టంలో గొడవ లేచింది.

"నూనె లేకుండా మొగుడు సచ్చినోళ్ళ లెక్క ఎట్ల తిరిగేది సామీ?" అంది ఒకామె.

"నా లెక్క తిరుగు, ఏం తక్కువైంది నాకు?" అని పెద్దమ్మ అనేసరికి ఆఫీసరు కూడా నవ్వాడు.

తర్వాత ఆయన ఒక చీటీ చూపించాడు. ఇకమీదట బేలు బేలుకూ ఒక చీటీ ఉంటుంది. అందులో బేలు నంబరు, ఏరిన రోజు, సరిచూసి సరే అన్న మనిషి సంతకం. ఏదైనా తేడా వస్తే కర్మాగారం వాళ్ళకు ఎవరిని అడగాలో తెలియాలి. "ఇక్కడ సరిచూసేది ఎవరు?" అన్నాడు. రైటరు నోరు తెరిచేలోపు నేను పెట్టె మీద నుంచి లేచాను. "మీ పేరేంటమ్మా?" అని అడిగాడు. మీ పేరు అన్నాడు. ఆరేళ్ళ తర్వాత ఆ మిల్లులో నా పేరు నా నోటితో చెప్పాను. రైటరు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. అది నేను మరచిపోలేదు, ఆయనా మరచిపోలేదు.

ఆ సీజను మొదట్లో యంత్రం రైల్లో వచ్చింది. ఆదోనిలోనే పుట్టి పెరిగిన ఒక తురక మిస్త్రీ దాన్ని బిగించాడు. అందరం భాయ్ అనేవాళ్ళం. మంచి పనివాడు, నోరు మాత్రం ఊరుకోదు. యంత్రం తిరగడం మొదలుపెట్టిన రోజు సావుకారు పూజ పెట్టించాడు.

మా వైపు పత్తి మిల్లుల్లో ఒక ఆచారం ఉంది. సీజనులో కట్టే మొదటి బేలును లక్ష్మి అంటారు. బిగించే ముందు దాని నోట్లో పసుపు, కుంకుమ, అక్షింతలు గుప్పెడు వేసి, దండం పెట్టి, ఆ తర్వాత మూస్తారు. ప్రతి ఏడూ అట్లాగే చేసేవాళ్ళు. ఆ బేలు బొంబాయి పోయేది, అక్కడ ఏ నూలు మిల్లు వాడో దులుపుకునేవాడు, ఎవరికీ నష్టం లేదు. ఆ ఏడు మాత్రం మొదటి బేలు తుపాకిమందు దూది. మూడు రోజులు నలభై మంది ఏరినది. పెద్దమ్మ వేళ్ళతో రెండోసారి తడిమి చూసినది. పొద్దున్నే నేను చీటీ మీద సంతకం చేసి బేలుకు కట్టాను.

సావుకారు పళ్ళెం పట్టుకుని బేలు దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, ఇది సర్కారు దూది. రంగు సోకకూడదని ఆఫీసరు చెప్పిపోయినాడు. పళ్ళెం యంత్రానికి చూపించండి, బేలులో వేయవద్దు" అన్నాను.

"శుభమా అని పూజ సేస్తాంటే నీ నోరేంటికమ్మే?" అని రైటరు నన్ను భుజం పట్టి వెనక్కు నెట్టాడు. అవును, పట్టుకుని నెట్టాడు. నలభై మంది చూశారు.

"లక్ష్మికి కుంకుమ లేకుండా పంపేదా?" అన్నాడు సావుకారు, నా వైపు చూడకుండానే. గుప్పెడు వేశాడు. పైన ఇంకో పొర దూది పరిచారు, బేలు బిగించారు.

భాయ్ నా పక్కకు వచ్చి చిన్నగా అన్నాడు. "ఈ మిల్లులో కుంకుమకు మొక్కనోళ్ళం నువ్వూ నేనూ ఇద్దరమే కదమ్మా. సూస్తాండు, ఏదన్నా అయితే మనిద్దరి మీదే పడతాది."

ఇక్కడ ఒక మాట రాయాలి. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. అప్పుడే ఆ చీటీని చింపేసి ఉండవలసింది. నా చెయ్యి చీటీ దాకా పోయింది. చింపలేదు. నా పేరు అంత దూరం పోతుందని, ఎవరో చదువుతారని ఉండింది. ఆ ఆశ వల్ల చింపలేదు.

రెండు వారాలకు కర్మాగారం నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. మొదటి బేలు విప్పితే ఎర్రని పసుపుపచ్చని మరకలు, బియ్యపు గింజలు కనబడ్డాయని, వ్యాగను మొత్తం ఆపి ఉంచామని, చీటీ మీద సంతకం చేసిన మనిషి సంజాయిషీ పంపాలని దాని సారాంశం. రైటరు ఆ ఉత్తరాన్ని ఆఫీసు గదిలో అందరి ముందు చదివి అర్థం చెప్పాడు. అర్థం చెప్పడంలోనే అంతా పాడైంది. అందులో ఫారిన్ మ్యాటర్ అని ఉంది.

"ఫారిన్ అంటే పరదేశం సావుకారూ. మ్యాటర్ అంటే సంగతి. మన బేలులో పరదేశపు సంగతి దొరికిందంట" అన్నాడు రైటరు, గొంతు తగ్గించి.

సావుకారు మొహం పాలిపోయింది. "పరదేశమా? మనకేం సంబంధమప్పా? నేను బొంబాయి దాటి యాడికీ పోలేదే! యుద్ధం మందులో పరదేశం కలిపినారంటే పోలీసులు వస్తారేమప్పా?"

గదిలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. మిషన్ బడిలో నాకు చదువు చెప్పిన దొరసాని తన దేశం వెళ్ళిపోయినా ప్రతి క్రిస్మస్‌కూ ఒక కార్డు పంపేది. ఆదోనిలో నాకు స్థిరమైన చిరునామా లేదు కాబట్టి అది మిల్లుకు వచ్చేది. ఆ కార్డు మీది తపాలా బిళ్ళ ఊడదీసుకుని దాచుకున్నవాడు రైటరే. ఇప్పుడు ఆయనే "ఈమెకు పరదేశం నుంచి ఉత్తరాలు వస్తాయి" అన్నాడు.

నాకు నవ్వు రావలసిన చోట నీరసం వచ్చింది. "అయ్యా, ఇక్కడ ఫారిన్ అంటే పరదేశం కాదు. దూది కానిది ఏదైనా వాళ్ళకు ఫారినే. ఆకు, గింజ, వెంట్రుక, కుంకుమ, అన్నీ. చెత్త అని అర్థం" అన్నాను.

"నాకు ఇంగ్లీషు నేర్పుతావామ్మే?" అని లేచాడు రైటరు.

సావుకారుకు పరదేశం భయం పోయింది, దాని చోట కోపం వచ్చింది. "పూజలో కుంకుమను చెత్త అంటాండావా?"

నేను అన్నది అది కాదని ఎంత చెప్పినా ఆ మాట అక్కడే నిలబడిపోయింది. సాయంత్రానికి మిల్లంతా పాకింది. నేను కుంకుమను చెత్త అన్నానట.

మరునాడు రైటరు సంజాయిషీ రాసుకొచ్చాడు. ఏరుడు కొట్టం చూసుకునే ఆడమనిషి చదువు లేనిది కావడం వల్ల అజాగ్రత్తగా ఉందని, ఏరేవాళ్ళ నొసటి కుంకుమ రాలి దూదిలో పడిందని, ఇకమీదట అట్లా జరగదని, క్షమించమని. కింద నేను సంతకం చేయాలి.

"నా నొసట కుంకుమే లేదు కదా" అన్నాను.

"నీదని యాడ రాసినాను? ఏరేటోళ్ళదని రాసినా."

"కుంకుమ నొసటి నుంచి రాలింది సరే. బియ్యం యాడ నుంచి రాలినాయప్పా?"

గుమ్మం దగ్గర స్పానరు పట్టుకుని నిలబడిన భాయ్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు నాకు సాయం చేయలేదు. రైటరు చెవులు ఎర్రబడ్డాయి.

సావుకారు ఈసారి మెత్తగా మాట్లాడాడు. సంతకం పెడితే కర్మాగారం వాళ్ళు ఊరుకుంటారు, వ్యాగను తీసుకుంటారు, ఆడవాళ్ళ పని నిలబడుతుంది అన్నాడు. అది అబద్ధం కాదు. పూజలో వేసిన కుంకుమ అని ఉన్నది ఉన్నట్టు రాయండి, కింద నేను కూడా సంతకం చేస్తాను అన్నాను. "నా సేత్తో ఏసినానని సర్కారుకు రాసిచ్చేదా?" అన్నాడు. కొట్టంలోకి వస్తే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "సంతకమే కదక్కా, పెట్టేయరాదా" అన్నారు. పెద్దమ్మ మాత్రం దూది ఏరుతూ కూర్చుంది.

నేను పెట్టలేదు. చదువు లేనిదాన్ని అని రాసిన కాగితం మీద నా చేత్తో సంతకం ఎట్లా చేసేది? చేస్తే ఆ సంతకమే ఆ మాట అబద్ధమని చెబుతుంది కదా అని అడిగాను. ఎవరికీ అర్థం కాలేదు, అర్థమైనవాడు రైటరు ఒక్కడే. మరునాటి నుంచి నన్ను రావద్దన్నారు.

ఎమ్మిగనూరు వచ్చి అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టాను. ఏ పని తప్పించాలని అమ్మ నన్ను బడికి పంపిందో ఆ పనే. అమ్మ ఏదైనా అని ఉంటే బాగుండేది, బదులు చెప్పేదాన్ని.

వేసవి ముదిరాక ఒక రోజు భాయ్ మా వీధిలో కనబడ్డాడు. ఎవరిదో బావి ఇంజను బాగు చేయడానికి వచ్చాడట. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, ఉగ్గాని తెప్పిస్తే వద్దనకుండా తిన్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆఖరికి ఏలిముద్ర ఏసినావు కదా, పని ఎందుకు పోయిందమ్మా?"

నాకు అర్థం కాలేదు. నేను ఏ వేలూ వేయలేదన్నాను. అప్పుడు మొత్తం చెప్పాడు. నేను వెళ్ళిన వారంలోనే సంజాయిషీ పోయింది. కింద నా పేరు, పేరు పైన వేలిముద్ర. కర్మాగారం వాళ్ళు ఆ ఒక్క బేలు తీసేసి వ్యాగను ఒప్పుకున్నారు.

"ఎవరి వేలు భాయ్?"

ఆయన గ్లాసు కింద పెట్టి వేళ్ళ మీద రోజులు లెక్క పెట్టుకున్నాడు. "ఇప్పుడు అర్థమైతాంది. ముసలామెది. పని కాగితం అని పిల్సినాడు రైటరు. నేను ఆడే బెల్టు ఎక్కిస్తాండా. ఆమెకేం తెలుసు, తల్లీ. సూపినకాడ ఏసింది, సేతులు తుడుసుకుని పోయింది."

ఆ రోజు నుంచి నాకు రెండు బాధలు. తప్పు నా మీద వేయడం ఒకటి. దాన్ని నేను ఎట్లాగో మోసేదాన్నేమో. కాని నా పేరు మీద వేలిముద్ర! ఆ మిల్లులో నాకంటూ ఉన్నది నా సంతకం ఒక్కటే. దాన్నే చెరిపేశాడు. అందుకు ఆరేళ్ళు నా పక్కన కూర్చున్న మనిషి వేలినే వాడుకున్నాడు. ఆమెకు తెలియదు, నిజమే. కాని "మా పాప వచ్చి సదివినాక ఏస్తా" అని ఒక్క మాట అనలేదు. ప్రతిసారీ ఆమె కాగితాలు చదివి చెప్పింది నేనే.

కర్మాగారానికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో రాశాను. మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడోదాన్ని రిజిస్టరు చేశాను. నాలుగోదాంట్లో ఎక్కువ రాయలేదు. బేలు చీటీ మీద సంతకం ఉంది, సంజాయిషీ మీద వేలిముద్ర ఉంది, రెండింటి మీదా ఒకే పేరు ఉంది, సంతకం వచ్చిన మనిషి మూడు వారాల్లో దాన్ని ఎట్లా మరచిపోతుందో దయచేసి తెలుపగలరు అని రాశాను. పోస్టుమాస్టరు కవరు తూచుతూ "ఇంకా అయిపోలేదామ్మా?" అన్నాడు. ఆయనా అన్నాడు.

తర్వాతి సీజను మొదట్లో జవాబు వచ్చింది. యంత్రం పనితీరు చూడడానికి ఆఫీసరు ఆదోని వస్తున్నాడు, ఆ రోజు నన్ను కూడా మిల్లుకు రమ్మన్నారు.

బస్సు దిగి మిల్లులోకి నడిచాను. ఏరుడు కొట్టాన్ని ఒక్క క్షణం గుర్తు పట్టలేకపోయాను. యంత్రం ఒకటి కాదు, రెండయ్యాయి. దూది ఒక వైపు లోపలికి పోయి, ఇంకో వైపు పొడవాటి పట్టీ మీద తెల్లగా కదిలి వస్తోంది. మాట వినబడనంత హోరు. నలభై మంది కూర్చున్న చోట ఆరుగురు ఉన్నారు. యంత్రం వదిలేసిన వెంట్రుకలు, పోగులు పట్టీ పక్కన నిలబడి ఏరుతున్నారు. మిగతావాళ్ళు ఏమయ్యారని అడిగితే కొందరు కాలువ పనికి పోయారని, కొందరు మద్దికెర వైపు బుడ్డలు, అదే వేరుశెనగ, పీకను పోయారని చెప్పారు. ఆ ఆరుగురిలో పెద్దమ్మ మూడోది. యంత్రం కంటికి దొరకనివి ఆమె వేళ్ళకు దొరుకుతాయి కాబట్టి ఉంచుకున్నారు.

"వచ్చినావా పాపా, సిక్కిపోయినావే" అంది. నేను తల ఊపాను.

ఆఫీసు గదిలో ఆఫీసరు ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనా మునుపటిలా లేడు, ఊళ్ళు తిరిగి తిరిగి కళ్ళ కింద నల్లబడ్డాయి. సావుకారు కుర్చీలో, రైటరు ఆయన వెనక. నాకు కుర్చీ వేయమని ఆఫీసరు చెప్పాడు. ఎవరూ వేయలేదు. ఆయన రెండోసారి చెప్పలేదు.

"మీ ఉత్తరాలు చదివానమ్మా. సంతకం వచ్చినవాళ్ళు కూడా ఒక్కోసారి వేలు వేస్తారు. భయపడి, తొందరలో. వీళ్ళు అట్లాగే జరిగిందంటున్నారు."

"నేను వేయలేదు సార్. నేను అప్పటికే ఎమ్మిగనూరులో ఉన్నాను."

"అయితే దీనికి పెద్ద విచారణ అక్కర్లేదు." ఆయన రైటరు వైపు చూసి ఇంకు ప్యాడ్ తెప్పించాడు. నా ముందుకు జరిపాడు. "మీ బొటనవేలు ఇక్కడ వేయండి. పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. మీది కాకపోతే కొట్టంలో ఉన్న ఆడవాళ్ళందరివీ తీసుకుందాం. ఎవరిదో దొరుకుతుంది. సర్కారుకు తప్పుడు కాగితం పంపడం చిన్న సంగతి కాదు."

రైటరు పెదవులు తడుపుకున్నాడు. అది నేను చూశాను, చూసి సంతోషించాను కూడా. కాని ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. వాడు తప్పించుకుంటాడు. ముసల్ది తనంతట తానే వచ్చి వేసింది, ఎవరి పేరు మీద వేస్తుందో నేను చూడలేదు అంటాడు. చివరికి దొరికిపోయేది పెద్దమ్మ వేలు ఒక్కటే.

ప్యాడ్ కొత్తది. ఊదారంగు ఇంకు తళతళలాడుతోంది.

"నేను వేలిముద్ర వేయను సార్" అన్నాను.

"ఎందుకు?"

"నాకు సంతకం వచ్చు."

ఆయన ప్యాడ్‌ను ఇంకొంచెం ముందుకు తోశాడు. "నిరూపించుకునే దారి ఇదొక్కటేనమ్మా."

"తెలుసు సార్. ఒక తెల్లకాగితం ఇవ్వండి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు సంతకం చేస్తాను."

"సంతకం వచ్చని ఎవరు కాదన్నారు? ఆ వేలు మీదా కాదా అన్నదే నా ప్రశ్న."

"నాది కాదు."

"మరి ఎవరిది? మీకు తెలుసా?"

తెరిచిన తలుపులోంచి యంత్రాల హోరు వస్తోంది. "తెలియదు సార్" అన్నాను. నా జీవితంలో సర్కారుకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఆయన ఫైలులో ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి మూశాడు. ఫిర్యాదుదారు రుజువుకు నిరాకరించింది అని రాశాడు. బల్లకు ఇవతలి నుంచి తలకిందులుగా చదివాను. రైటరుకు ఊపిరి వచ్చింది. "సూసినారా సార్, ఇదీ ఈమె వరస" అన్నాడు. సావుకారు ఆఫీసరుకు టీ తెమ్మని కేకేశాడు.

గేటు దాటబోతుంటే పెద్దమ్మ వెనక నుంచి పిలిచింది. మంచినీళ్ళ వంకతో బయటికి వచ్చినట్టుంది. గదిలో మాటలు కొట్టం దాకా పాకినట్టున్నాయి.

"అంత పంతమేంటికి పాపా?" అంది కోపంగా. "ఒక ఏలు ఎయ్యడానికి ఏం పోతాది? నేను ఎన్నిసార్లు ఎయ్యలేదు? వాళ్ళు సూపినకాడ ఎయ్యడం, వచ్చేయడం. నువ్వు ఏసుంటే నీ పని నీకొచ్చేది కదా. ఇంత సదువు సదివి ఏం లాభం?"

దూది ఏరి ఏరి గీతలు అరిగిపోయిన బొటనవేలు నా మొహం ముందు ఆడిస్తూ అంది. ఆ వేలి గీతలతో ఎవరు మాత్రం ఏం పోల్చగలిగేవాళ్ళో అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఆ ఆలోచన రాలేదు.

ఆమె వేలు బయటపడకూడదని నేను ఆగానా, లేక ఆ ప్యాడ్ మీద వేలు పెట్టడం నా వల్ల కాకనే ఆగి ఆమెను సాకు చేసుకున్నానా? చాలాసార్లు ఆలోచించాను. ఒక్కో రోజు ఒక్కోలా తేలుతుంది. ఆమె కోసమే అనుకున్న రోజున కూడా ఆమె మీద కోపం పోలేదు. అది ఇంకా ఉంది.

"లోపలికి పో పెద్దమ్మా, పట్టీ ఆగదు" అన్నాను.

ఆమె గొణుక్కుంటూ వెళ్ళింది. నేను బస్టాండు వైపు నడిచాను. ఎమ్మిగనూరు బస్సు నిండిపోయింది. నిలబడే వెళ్ళాను.